అన్నిటికీ ఒకటే లెన్సు

మా ఇంట్లో నెల్లాళ్ళపాటు ఒకటే చర్చ నడిచింది. పెళ్ళి సంబంధం గురించి కాదు, చేల కౌలు గురించీ కాదు. నా కెమెరాకి ఏ లెన్సు కొనాలి, లేకపోతే కెమెరానే మార్చెయ్యాలా అని.

అరవై దాటిన ఆడమనిషికి కెమెరా ఏమిటమ్మా అని మీరు మూతి విరిచినా నేనేం నొచ్చుకోను. మా వీధి వీధంతా ఎప్పుడో విరిచేసింది. మావారు మేష్టరుద్యోగం చాలించిన ఏడాది, పిల్లలిద్దరూ చెరో ఊరూ పట్టుకుపోయి ఇల్లు బావురుమంటున్న రోజుల్లో, మా అబ్బాయి హైదరాబాదు నుంచి ఓ డిజిటల్ కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టాడు. "వంటింట్లోంచి కాస్త బయటికి రా అమ్మా" అన్నాడు. వచ్చాను. ఎనిమిదేళ్ళయింది. మళ్ళీ పూర్తిగా లోపలికి పోలేదు.

అసలీ పిచ్చి మా నాన్నగారిది. ఆయన దగ్గర బరోడాలో తయారైన అగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఉండేది. రీలుకి పన్నెండే ఫోటోలు. సంక్రాంతికి రీలు వేస్తే అది పూర్తయ్యేసరికి దసరా వచ్చేది. దానికి లెన్సు మార్చే వీలు లేదు, దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగే వీలు లేదు. మొహం పెద్దగా కావాలంటే నాన్నగారే నాలుగడుగులు ముందుకి నడిచేవారు. అందరూ పట్టాలంటే వెనక్కి నడిచేవారు. ఓసారి అలా వెనక్కి నడుస్తూ నడుస్తూ పెరట్లో కుడితిగోళెంలో కాలేశారు. ఆ ఫోటోలో మేమందరం నోళ్ళు బార్లా తెరిచి నవ్వుతున్నాం. మా ఇంట్లో ఉన్నవాటిలో మంచి ఫోటో ఇప్పటికీ అదే.

మా మొగల్తూరు పేరు మీరు వినే ఉంటారు. 1940లో కృష్ణంరాజుగారు, 1955లో చిరంజీవిగారు పుట్టిన ఊరు. కెమెరాలు అంతగా వెంటపడిన మొహాలు రెండు ఒక్క ఊరివే కావడం విశేషమే కదా! అయితే ఊళ్ళో మిగిలిపోయిన మా మొహాల వెంట ఏ కెమెరా పడలేదు. ఆ లోటు నేను తీరుస్తున్నానని నాకు లోలోపల ఓ చిన్న గర్వం ఉండేది. నేను చెప్పబోయేది ఆ గర్వం గురించే.

ముందు లెన్సు సంగతి. నా కెమెరాతో పాటు వచ్చింది 18 నుంచి 55 మిల్లీమీటర్ల లెన్సు. ఈ అంకెలు చూసి భయపడకండి. అంకె చిన్నదైతే ఎక్కువ మేర పడుతుంది, మనుషులు చిన్నగా కనిపిస్తారు. అంకె పెద్దదైతే దూరంగా ఉన్నది దగ్గరికొస్తుంది, మేర తగ్గిపోతుంది. ఇంతే. ఇంట్లోకీ వీధిలోకీ 55 చాలు. కాని కాలవగట్టు మీద వాలే లకుముకిపిట్టకీ, స్కూలు వార్షికోత్సవంలో స్టేజీ మీద ఆడే మనవరాలికీ అది అందదు.

మూడు సలహాలు వచ్చాయి. భీమవరంలో షాపాయన, "అమ్మా, 18–200 తగిలించుకోండి, ఇంక విప్పక్కర్లేదు. పెళ్ళికీ అదే, పేరంటానికీ అదే, తిరపతికీ అదే" అన్నాడు. మా అబ్బాయి, "లెన్సు కాదమ్మా, కెమెరానే మార్చు, ఫుల్ ఫ్రేముకి వెళ్ళు" అన్నాడు. పెళ్ళి ఫోటోలు తీసే మా తమ్ముడి కొడుకు, "అత్తా, కదలని 35 కొనుక్కో. దగ్గరికి లాగదు గాని సందెచీకట్లో కూడా పనిచేస్తుంది" అన్నాడు.

ముగ్గురు చెప్పిందీ నిజమే, చిక్కంతా అక్కడే. నికాన్ వాళ్ళ 18–200 లెన్సులో పదహారు గాజుపలకలున్నాయి, బరువు అరకిలో పైమాటే. అన్ని పనులూ చెయ్యాలి కనక ఎక్కడో ఒకచోట సర్దుకుంటుంది. వెలుగు లోపలికి వెళ్ళే కంతకి ఓ లెక్క ఉంది. అంకె పెరిగినకొద్దీ కంత చిన్నదవుతుంది. దూరానికి లాగినప్పుడు 18–200కి ఆ అంకె 5.6. రెండొందల గ్రాముల 35కి 1.8. లెక్క కడితే 1.8లో వచ్చే వెలుగులో 5.6లో వచ్చేది దాదాపు పదోవంతు. మన భాషలో చెప్పాలంటే, ఒకే మూకుట్లో పోపూ వేయించుకోవచ్చు, పాలూ కాచుకోవచ్చు. పాలకి పోపువాసన మాత్రం తప్పదు.

నిజం చెప్పొద్దూ, "అన్నిటికీ పనికొచ్చేది" అన్న మాట వింటేనే నాకు ఆ లెన్సు మీద జాలేసింది. ప్రతి ఇంట్లోనూ అలాంటిది ఒకటి ఉంటుంది. పొద్దున్న కాఫీ దగ్గర్నించి రాత్రి తలుపు గడియ దాకా అన్నిటికీ అదే కావాలి. నీ ప్రత్యేకత ఏమిటమ్మా అని అడిగితే మాత్రం ఎవరికీ ఏమీ తోచదు. అది ఎవరో మీకు చెప్పాలా!

ఇక కెమెరా మార్చడం. నా కెమెరాలో బొమ్మ పడే పలక సుమారు 24 మిల్లీమీటర్ల పొడుగు, 16 వెడల్పు. ఫుల్ ఫ్రేమంటే 36, 24. పాతకాలం రీలు మీద బొమ్మ సైజే అది. వైశాల్యం రెట్టింపు పైన, చీకట్లో బొమ్మ శుభ్రంగా వస్తుంది. ఖరీదు కూడా దానికి తగ్గట్టే ఉంటుందనుకోండి. మావారు కాయితం, పెన్సిలు తీశారు. "నువ్వు ఆల్బంలో పెట్టేది ఆరంగుళాలు, నాలుగంగుళాల ఫోటో. అంగుళానికి మూడొందల చుక్కలు వేసుకున్నా 1800 ఇంటూ 1200, అంటే 21 లక్షల 60 వేల చుక్కలు. నీ కెమెరాలో ఎన్నున్నాయి?"

"రెండు కోట్ల నలభై లక్షలు."

"మరి మిగతా రెండు కోట్ల పద్దెనిమిది లక్షలూ ఏం చేస్తున్నావు?"

మేష్టర్లని పెళ్ళి చేసుకుంటే ఇదే బాధ. జవాబు లేని ప్రశ్న వేసి పేపరు చదువుకుంటారు.

కార్తీకమాసంలో మా అబ్బాయి వచ్చినప్పుడు స్నేహితుడి దగ్గర అడిగి ఓ 18–200 తెచ్చాడు. "పది రోజులు వాడి చూడమ్మా, నచ్చితే కొందాం" అన్నాడు. మర్నాడే పేరుపాలెం బీచికి వెళ్ళాం. కార్తీకంలో అక్కడ ఇసకేస్తే రాలనంత జనం. నేను సరుగుడు చెట్ల నీడలోంచి కదలకుండా, అలల్లో మునకలేస్తున్న వాళ్ళని మొహాలతో సహా పట్టేశాను. ముక్కు మూసుకున్న ముసలాయన, మొగుడి చెయ్యి వదలని కొత్త పెళ్ళికూతురు, ఏడుస్తున్న చంటాడు. ఎంత ఆనందమో! నేను చూస్తున్నట్టు వాళ్ళెవరికీ తెలీదు. ఆ ఆనందం ఎలాంటిదో నాకు అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు.

మూడోరోజు మధ్యాహ్నం బట్టలు తియ్యడానికి డాబా ఎక్కుతూ కెమెరా కూడా పట్టుకెళ్ళాను. ఎదరవైపు, ఎనభై అడుగుల దూరంలో, లేసు మామ్మగారు అరుగు మీద కూర్చుని అల్లుకుంటోంది. మా నర్సాపురం చుట్టుపక్కల ఇంటింటా ఉన్న పనే ఇది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పారు. దేశదేశాలకి వెళ్ళే ఆ లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మామ్మకి డెబ్భై ఎనిమిదేళ్ళు. చూపు ఆనదు గాని వేళ్ళకి అలవాటు. లెన్సుని 200 దాకా లాగాను. అరుగంతా నా కంట్లోకి వచ్చేసింది. దారం కట్టిన కళ్ళజోడు, ఒళ్ళో తెల్లటి దారపుండ, వేళ్ళ సందున మెరుస్తున్న సూది, కాస్త తెరుచుకున్న నోరు, పైట జారి భుజం దగ్గర చిరుగు కనిపిస్తున్న జాకెట్టు. నొక్కాను.

ఫోటో అద్భుతంగా వచ్చింది. ఆ మాట ఇప్పటికీ కాదనను. ఆ సాయంత్రం మా చుట్టాల వాట్సాప్ గుంపులో పెట్టాను. ఎవరో ఇంకెవరికో పంపారు. వాళ్ళెవరో కింద "పేదరికంలోనూ తరగని శ్రమ" అని రాశారు. అలా ఊళ్ళు తిరిగి తిరిగి అది కువైట్లో ఉన్న మామ్మ మనవడి ఫోన్లో తేలింది.

వారం తరవాత మామ్మ మా ఇంటికి వచ్చింది. పోట్లాడుతుందేమోనని భయపడ్డాను. పోట్లాడలేదు. మంచినీళ్ళు తాగి, నెమ్మదిగా అంది:

"నన్ను ఫోటో తీశావంట కదమ్మాయ్. ఓ మాట చెబితే మంచి జాకెట్టు తొడుక్కునేదాన్ని కదా. పిల్లాడు ఫోన్లో ఒకటే ఏడుపు. నేను పంపే డబ్బులేం చేత్తన్నావే మామ్మా, చిరుగులేసుకుని బతుకుతున్నావా అని. ఇంట్లో వేసుకునే గుడ్డలురా అంటే నమ్మడు. వాడి డబ్బు పైసా ముట్టుకోలేదు నేను. చెల్లెలి పెళ్ళికని పోస్టాఫీసులో ఉంది."

అంతే అంది. నేను ఏం చెప్పగలను? ఇంట్లో వేసుకునే పాత జాకెట్టు నాకు లేదూ? మీకు లేదూ? పెళ్ళిళ్ళలో వీడియో అబ్బాయి సరిగ్గా మనం నోట్లో ముద్ద పెట్టుకునే వేళకి, ఎక్కడో స్తంభం పక్కనించి మన మొహం పెద్దది చేసి పట్టేస్తాడు. ఆ సీడీ వేసినప్పుడల్లా మనకి ప్రాణం చచ్చిపోతుంది. అది తెలిసిన నేనే ఈ పని చేశాను.

రాత్రి మావారితో అంటే ఆయన ఎప్పటిలాగే రెండోవైపు పట్టుకున్నారు. "లెన్సు తప్పేముంది? కత్తిపీటకి వంకాయా వేలూ ఒకటే. పైగా, నువ్వు అడిగి తీస్తే ఆవిడ పట్టుచీర కట్టుకుని రాయిలా కూర్చునేది. అది నిజమైన మామ్మా?"

ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు పట్టుకుంది. మనిషి నిజం ఎక్కడుంటుంది? ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడా? చూస్తున్నారని తెలిసి సర్దుకున్నప్పుడా? ఫోటోలు తీసేవాళ్ళంతా మొదటిదే నిజమంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని. కాని చిరిగిన జాకెట్టు ఎంత నిజమో, మంచి జాకెట్టులో కనిపించాలన్న మామ్మ కోరిక కూడా అంతే నిజం కదా. మొదటిది డాబా మీంచి నేను తీసేసుకోగలను. రెండోది మామ్మ ఇస్తేనే వస్తుంది. దొరికినదాన్ని మాత్రమే నిజమనుకుని, ఇవ్వవలసినదాన్ని నటన అనుకోవడం, మనం చూసేవైపు ఉన్నాం కనక మనకి సుళువుగా ఉంటుంది.

1892లో హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ ఆడవాళ్ళకోసం ప్రత్యేకంగా ఒక జెనానా స్టూడియో తెరిచాడు. ఘోషా స్త్రీలు బయటి మగవాళ్ళ కంట పడకూడదు కనక అక్కడ ఫోటోలు తీసే బాధ్యత కెన్నీ లెవిక్ అనే దొరసానికి అప్పజెప్పాడు. ఆ ఘోషా మంచిదని నేననను. కాని ఒక్క సంగతి ఆలోచించండి. ఆ గదిలోకి వచ్చిన స్త్రీకి తనని ఎవరు చూస్తున్నారో, ఎప్పుడు చూస్తున్నారో తెలుసు. నూట ముప్ఫై ఏళ్ళు దాటాక, ఘోషా లేని మామ్మకి తన అరుగు మీద ఆ పాటి కూడా దక్కలేదు.

మన దేశంలో పత్రికలకి ఫోటోలు తీసిన తొలి మహిళ హోమై వ్యారావాలా. చీర కట్టుకుని, బరువైన కెమెరా మోసుకుంటూ, నెహ్రూగారి కాలమంతా ఢిల్లీలో ఫోటోలు తీసింది. 1970లో మానేసింది. కెమెరా పాతదయిపోయి కాదు. కొత్తగా వచ్చినవాళ్ళలో మర్యాద కరువైందని, ఇంక ఈ పని తనకి వద్దనుకున్నానని తరవాత ఆవిడే చెప్పింది. 2012లో తొంభై ఎనిమిదేళ్ళ వయసులో పోయింది. మేం ఇక్కడ కెమెరా మార్చాలా లెన్సు మార్చాలా అని తర్జనభర్జన పడుతుంటే, ఆవిడ మూడో ప్రశ్న ఒకటుందని ఎప్పుడో చూపించింది.

ఎనభై అడుగులు. మా గుమ్మం నుంచి మామ్మ అరుగుకి అంతే. ఆ ఎనభై అడుగుల్లో ఏముంది? చెప్పులేసుకోవడం ఉంది. వస్తున్నట్టు ఆవిడకి కనిపించడం ఉంది. "మామ్మగారూ, ఏం చేస్తున్నారు?" అని పలకరించడం, "కూర్చో అమ్మాయ్, మజ్జిగ తాగు" అనిపించుకోవడం ఉంది. అడగడం ఉంది. "ఇవాళ కాదులే" అంటే ఉత్తచేతుల్తో తిరిగిరావడం ఉంది. 200 మిల్లీమీటర్లతో నేను మింగేసింది దూరాన్ని కాదు, వీటన్నిటినీ.

దూరంలో ఇంకో మోసం కూడా ఉంది. మా లేసు పనివాళ్ళ మీద మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. రోజుకి గంటల తరబడి అల్లే ఈ ఆడవాళ్ళని లోకం పనివాళ్ళుగా లెక్కెయ్యలేదు, ఇంటిపట్టున ఖాళీగా ఉన్న గృహిణులు ఏదో కాలక్షేపానికి చేస్తున్నారనుకుంది, అందుకే కూలి అంత తక్కువ అని చూపించింది. దూరం నుంచి చూసినవాళ్ళకి అరుగు మీద కాలక్షేపం కనిపించింది. దగ్గరికి వెళ్ళి అడిగిన మనిషికి కూలి లెక్క కనిపించింది. నా లెన్సు నాకు చిరుగుని పెద్దది చేసి చూపించింది గాని, పోస్టాఫీసు పుస్తకాన్ని చూపించలేకపోయింది.

అలాగని దగ్గరికి లాగే లెన్సులన్నీ గోదాట్లో పారెయ్యమనను. లకుముకిపిట్ట దగ్గరికి నడిచి వెళ్తే అది ఎగిరిపోతుంది. మనవరాలి డాన్సు మధ్యలో స్టేజీ ఎక్కితే పిల్ల పరువు పోతుంది. వెళ్ళలేనిచోట లాక్కోవలసిందే. వెళ్ళగలిగిన చోట కూడా లాక్కోవడమే అలవాటైపోతుందేమోనని నా బెంగ. కదలని లెన్సు పెట్టుకున్నంత మాత్రాన బుద్ధి కుదురుగా ఉంటుందనీ లేదు. జేబులో ఫోనుతోనూ దొంగతనం చెయ్యొచ్చు. కాకపోతే నా సంగతి నాకు తెలుసు. డబ్బాలో జంతికలుంటే తినకుండా ఉండగలిగే మనిషిని కాను. అంచేత డబ్బా ఇంట్లో పెట్టుకోను.

18–200ని అబ్బాయికి పంపించేశాను. కెమెరా మార్చలేదు. 35 కొన్నాను.

కొన్న మర్నాడు చెప్పులేసుకుని మామ్మ ఇంటికి వెళ్ళాను. అడిగాను. "రేపు రా" అంది. వెళ్ళాను. మావారు చెప్పినట్టే జరిగింది! జరీఅంచు చీర, కొత్త జాకెట్టు, మెడలో గొలుసు, తడిపి దువ్విన జుట్టు. కుర్చీలో రాయిలా కూర్చుంది. పది ఫోటోలు తీస్తే పదీ రేషన్ కార్డుకి పనికొచ్చేవే. "అయిపోయిందా?" అంది. "ఇంకొక్క రెండు" అన్నాను. ఊరికే కూర్చోవడం చేతకాక, పక్కనున్న దారపుండ ఒళ్ళోకి తీసుకుంది. వేళ్ళు వాటంతటవే కదిలాయి. పొద్దువాలే వెలుగు గుమ్మంలోంచి చీర అంచు మీద పడింది. ఆవిడ తలెత్తి నాతో ఏదో అనబోతోంది. అప్పుడు తీశాను, అందరూ మెచ్చుకున్న ఆ పాత ఫోటో కన్నా ఇది బాగుంది. నన్ను చూస్తోంది గదా!

కెమెరా వెనక పలకలో అన్నీ చూపించాను. మామ్మ కళ్ళజోడు సర్దుకుని ఒక్కొక్కటే చూసింది. చివరికి రేషన్ కార్డు ఫోటో మీద వేలు పెట్టింది.

"ఇది పంపు పిల్లాడికి."

"ఇది చూడండి మామ్మగారూ, ఎంత బాగున్నారో" అని నాకు నచ్చింది చూపించబోయాను.

"అది నీ దగ్గర ఉంచుకో. వాడికి ఇదే పంపు" అంది.

పంపాను. ఆరు, నాలుగు అంగుళాల సైజులో వేయించి మామ్మకీ ఒకటి ఇచ్చాను. గోడకి కట్టించుకుంది. పాత ఫోటోని నా ఫోన్లో, కెమెరాలో తుడిచేశాను. మిగతావాళ్ళ ఫోన్లలో ఉంది. అది నేను తుడవలేను.

మొన్న అబ్బాయి ఫోను చేసి అడిగాడు, "ఏమ్మా, ఆ 35లో జూమ్ లేదు కదా, దూరంగా ఉన్నవాళ్ళని ఎలా తీస్తున్నావు?"

"నడుస్తున్నానురా" అన్నాను. "సుగరుకి మంచిదని డాక్టరు కూడా అదే చెప్పాడు."